మూరెడు తక్కువ

పడవ ముక్కు మీద మోకాళ్ళు ఆనించుకుని ఎల్లారావు ముందు తెరచాపను దించుతున్నాడు. తెరచాప కొయ్య చివరి నుంచి ముక్కు దాకా బిగించిన ఉక్కు తీగ వెంట ఇత్తడి కొక్కేలు ఒక్కొక్కటే జారి వచ్చి, గుడ్డతోపాటు అతని తొడ పక్కన పోగుపడుతున్నాయి. తుంపరకు తడిసి గుడ్డ బరువెక్కింది. గాలి దాన్ని మళ్ళీ ఎత్తుకుపోకుండా ఎడమ మోచేత్తో అణిచి, సగం దానిమీద పడుకుని, కుడిచేత్తో చివరి కొక్కెం విప్పాడు. పోర్టు వైపు నుంచి వచ్చి పడిన బొగ్గు నుసి అరచేతులకి అంటుకుంది.

వెనక చుక్కాని పట్టుకు కూర్చున్న నరసింహమూర్తి అప్పుడన్నాడు ఆ మాట.

"ఎల్లారావూ, దీనికి ఫర్లర్ పెట్టిద్దామనుకుంటున్నా."

ఎల్లారావు వెనక్కి తిరగలేదు. ఫర్లరంటే అతనికి తెలుసు. తను పనిచేసే పడవల క్లబ్బులో రెండు పెద్ద పడవలకి ఉన్నాయి. తీగకి పొడుగునా ఒక గొట్టం తొడుగుతారు, దాని అడుగున డ్రమ్ము. వెనక కూర్చున్నవాడు తాడు లాగితే డ్రమ్ము తిరుగుతుంది, గొట్టం తిరుగుతుంది, తెరచాప ఈతచాపలా దాని చుట్టూ చుట్టుకుపోతుంది. ఇంకో తాడు లాగితే విచ్చుకుంటుంది. ముందుకి మనిషి వెళ్ళే పని ఉండదు.

"ఎవులైనా కొత్తోళ్ళొస్తన్నారా బాబూ పడవలోకి?"

"ఎవరూ రారు. నేనొక్కణ్ణే వెళ్దామని." చుక్కాని సర్దుకుంటూ, "నీకూ ఆదివారం విశ్రాంతి దొరుకుతుంది కదా" అన్నాడు నరసింహమూర్తి.

ఎల్లారావు తెరచాపని మడత పెట్టడం మొదలుపెట్టాడు. విశ్రాంతి. వారంలో ఆరు రోజులు క్లబ్బు గేటు తీయడం, పైపుతో పడవలు కడగడం, పిల్లలకి లైఫ్ జాకెట్ల బకిల్సు పెట్టడం, కాంటీన్ నుంచి టీలు మోయడం. ఆదివారం పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా సముద్రం. పద్నాలుగేళ్ళుగా అతని బతుకులో సముద్రం అంటే ఆ రెండున్నర గంటలే. దాన్నే ఈయన విశ్రాంతిగా మార్చేస్తానంటున్నాడు.

పడవ జెట్టీకి తగిలింది. ఎల్లారావు దూకి తాడు వేశాడు. నరసింహమూర్తి దిగి, టోపీ తీసి, నుదురు తుడుచుకున్నాడు. స్టీల్ ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఏ మాటైనా డ్యూటీ చీటీ రాసినట్టు చెబుతాడు.

"చవగ్గా ఉండాలి. పాడవకూడదు. నీకు తెలిసినట్టు ఈ క్లబ్బులో ఇంకెవడికి తెలుసు? నువ్వే చూసిపెట్టు."

"అలగే బాబూ."

ఆయన కారు గేటు దాటాక ఎల్లారావు గేటు వేసి వచ్చాడు. సన్నటి నైలాన్ దారం ఒకటి తెరచాప తాడుకి కట్టి పైకి లాగాడు. తెరచాప తల ఎక్కడిదాకా వెళ్తుందో అక్కడ ఆపి, కింద డ్రమ్ము వచ్చే చోట దారానికి ముడి వేసి, మళ్ళీ దించుకున్నాడు. జెట్టీ మీద నిలబడి రొమ్ము విరిచి రెండు చేతులూ బార్లా చాపాడు. ఈ కొన వేలి నుంచి ఆ కొన వేలి దాకా ఒక బార. వలైనా, తాడైనా వాళ్ళ నాన్న అలాగే కొలిచేవాడు. ఎల్లారావు అలాగే కొలుస్తాడు. మూడు బారలు పోగా, మోచేతి నుంచి వేలి కొస దాకా ఒక మూర మిగిలింది.

మూడు బారలా మూర. ఇకనుంచి తన చోట్లో ఉండబోయే గొట్టం పొడుగు అది.

*

మంగళవారం నరసింహమూర్తి కంప్యూటర్లోంచి తీయించిన కాగితాలు పట్టుకొచ్చాడు. మూడు బొమ్మలు. మొదటిది బయటి దేశం సరుకు. దాని ధర పడవ కొన్న ధర కన్నా ఎక్కువ. ఎల్లారావు దాన్ని పక్కన పెట్టి రెండోది కళ్ళకి దూరంగా పట్టుకుని చూశాడు.

"ఈ డ్రమ్ముకి సుట్టూ గోడ నేదు బాబూ. తాడు వదులైతే కిందకి జారిపోయి ఇరుక్కుంటాది."

"మూడోది?"

"ఇందులో గొట్టమే నేదు. ఇప్పితే మొత్తం ఇప్పాలి, సుడితే మొత్తం సుట్టాలి. గాలి ఎక్కువైనప్పుడు సగం సుట్టి ఆపాలంటే నిలవదు. ఇద్దరుంటే పర్వానేదు. ఒక్కలే ఉన్నప్పుడు సగం సుట్టుకోగలగాలి గదా."

ఆ 'ఒక్కలే' అనే మాట నాలిక మీద ఉప్పురాయిలా కరిగింది. నరసింహమూర్తి అదేమీ గమనించలేదు. కూతురి దగ్గర్నుంచి ఫోను వస్తే జేబులోంచి తీసి, "ఆఁ అమ్మా, క్లబ్బులోనే. టోపీ పెట్టుకున్నా. మాత్ర వేసుకున్నా. వచ్చేస్తున్నా" అని పెట్టేశాడు. అయిదు నిమిషాల్లో అది రెండోసారి.

"పాతది దొరుకుతుందేమో చూడు. హార్బర్లో ఎవరినైనా అడుగు."

హార్బర్లో అడగాల్సినవాడు నాగబాబు. ఐసు ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో విరిగిపోయిన పడవల సామాను అమ్ముతాడు. ఎల్లారావు బుధవారం పొద్దున్నే వెళ్ళేసరికి చేపల వేలంపాట అయిపోయి, ఆడవాళ్ళు తట్టలెత్తుకుంటున్నారు. నాగబాబు తుప్పు గొలుసుల గుట్ట మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

"ఫర్లరా? ఉన్నాది. రెండేళ్ళయింది, ఎవుడూ అడగనేదు. ఎవులికి బావా?"

"మా నరసింహమూర్తి బాబుకి."

నాగబాబు నమలడం ఆపాడు. "మరి నువ్వో?"

"నానేటి?"

"నీ పాడె కర్రకి నువ్వే కొలతలిస్తన్నావన్నమాట!" నాగబాబు పొలమారేదాకా నవ్వాడు. నీళ్ళు తాగి, గోనె పట్టా కిందనుంచి డ్రమ్ము ఒకటి లాగి అతని కాళ్ళ దగ్గర పెట్టాడు. "తీస్కో. నీకైతే సగం ధరే. దుక్కం మీద ఉన్నావు గదా."

ఎల్లారావు గొంతుక్కూర్చుని డ్రమ్ముని ఒళ్ళో పెట్టుకున్నాడు. చూపుడు వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల బేరింగు గుండ్లు ఇసక నములుతున్నట్టు చప్పుడైంది. సగం తిరిగి ఆగింది. మళ్ళీ తిప్పితే ఇంకోచోట ఆగింది. అంచు మీద గోరు పెట్టి రాశాడు. సన్నటి చీలిక గోటికి తగిలింది.

"వద్దు."

"ఓరి నీ! ఇరుక్కుంటే నీకే గదా మంచిది? ముసిలోడు నాలుగు వారాలు లాగి లాగి ఇసుగెత్తి, రా రా ఎల్లారావూ అని మల్లీ నిన్నే పిలుస్తాడు."

"గాల్లో ఇరుక్కుంటే పడవ తిరగబడతాది. ఆయనకి ఈత అంతంతమాత్రం."

"అయితే నీకేటి?"

ఎల్లారావు డ్రమ్ముని మళ్ళీ గోనె పట్టా కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. తనని తీసేసేవాడు మునిగిపోకూడదని పొద్దున్నే వచ్చి వెతుకుతున్న తన మీద తనకే అసహ్యం వేసింది. చేపల నీళ్ళు తొక్కుకుంటూ బయటికి నడిచాడు.

*

గురువారం నరసింహమూర్తి కారులో అతన్ని కంచరపాలెం తీసుకెళ్ళాడు. రైలు పట్టాల వారగా తవిటయ్య లేతు షాపు. హార్బర్ పడవల షాఫ్టులు చాలావరకు అక్కడే సాపు అవుతాయి. తవిటయ్య పొట్టి మనిషి. లేతు మిషను అందడానికి కాళ్ళ కింద చెక్కపెట్టె వేసుకుంటాడు. ముంజేతుల నిండా వేడి ఇనప చీలికలు ఎగిరి పడిన తెల్లటి మచ్చలు.

"ఏటి బావా, సారుని ఎంటబెట్టుకొచ్చేవు?" అంటూ పెట్టె దిగాడు.

ఎల్లారావు నేల మీద సుద్దముక్కతో బొమ్మ వేశాడు. ఇది తీగ. ఇది తీగకి తొడిగే గొట్టం. కిటికీలకి వాడే అల్యూమినియం సెక్షన్లాగా పొడుగునా గాడి ఉండాలి, తెరచాప అంచు దాంట్లోకి ఎక్కుతుంది. ఇది డ్రమ్ము. దీనికి చుట్టూ గోడ ఉండాలి. లోపల ఇనప గుండ్లు వద్దు, ఉప్పునీటికి బిగుసుకుపోతాయి. నైలాన్ రాడ్డు చెక్కి బుష్షు వేస్తే చాలు, అరిగితే ఇంకోటి వేసుకోవచ్చు.

తవిటయ్య బొమ్మ చుట్టూ తిరిగి చూశాడు. "ఈమాత్రం దానికి లచ్చలు తీసుకుంతారా సార్? ఎల్లారావు బావ బుర్రుంటే సాలు, అంతా ఇక్కడే అయిపోద్ది."

"అందుకే తెచ్చాను అతన్ని" అన్నాడు నరసింహమూర్తి సంతోషంగా. ఫోను మోగింది. మాట్లాడుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళాడు.

డ్రమ్ము దగ్గర ఇద్దరూ గంటసేపు తగువులాడుకున్నారు. బుష్షుకీ గొట్టానికీ మధ్య అర నూలు సందు చాలంటాడు తవిటయ్య. ఎండకి నైలాన్ ఉబ్బుతుంది, ముప్పావు నూలు వదలమంటాడు ఎల్లారావు. చివరికి తవిటయ్య ముక్క ఒకటి చెక్కి, వేడినీళ్ళ గిన్నెలో పడేసి, తీసి కొలిచి, "నీదే రైటు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఒక మనిషి తనతో అంతసేపు మాట్లాడాడని ఎల్లారావుకి తోచింది. తను ఒక్కడే ఉండే గదిలో రేడియో ఒకటే మాట్లాడుతుంది.

"పొడుగెంత బావా?"

"మూడు బారలా మూర."

తవిటయ్య గాడి సెక్షను ముక్కల్ని నేల మీద వరసగా పేర్చాడు. డ్రమ్ముకి వెర్నియర్ పట్టుకుని కళ్ళు చికిలించిన మనిషి, పొడుగు దగ్గరికొచ్చేసరికి టేపు కోసం చెయ్యి కూడా చాపలేదు. బార అంటే బారే. చొక్కా పైకి లాక్కుని, గొట్టం పక్కన వంగి, రెండు చేతులూ చాపి, వేలి కొస దగ్గర సుద్ద గీత గీశాడు. అక్కడినుంచి మళ్ళీ చాపాడు.

ఎల్లారావు చూస్తూనే ఉన్నాడు. మొదటి గీత దగ్గరే తెలిసింది. తన చేతులు అక్కడి నుంచి ఇంకో అరజానెడు పైనే వెళ్తాయి. రెండో గీతకి ఇంకో అరజానెడు కలిసింది. మూడో గీత పడి, మూర కొలిచి, తవిటయ్య చివరి గీత గీసేటప్పటికి ఎల్లారావు కళ్ళు ఆ గీతకి మూరెడు అవతల, ఉత్త నేల మీద ఉన్నాయి.

నోరు తెరిచాడు.

విరిగిన డ్రమ్ము మనిషిని ముంచుతుంది. పొట్టి గొట్టం ఎవరినీ ముంచదు. అసలు ఎక్కదు. ఎక్కకపోతే వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం...

"సరేనా బావా?" రంపం అందుకుంటూ అడిగాడు తవిటయ్య.

"నువ్వు కొలిసేవు గదా" అన్నాడు ఎల్లారావు.

రంపం అల్యూమినియం మీద కీచుమంది. మెరిసే పొట్టు తవిటయ్య పాదాల మీద రాలింది. అవతల పట్టాల మీద గూడ్సు బండి వెళ్తుంటే షాపు రేకులు కొట్టుకున్నాయి. నరసింహమూర్తి రోడ్డు మీదనుంచి వచ్చి, "అయ్యిందా?" అన్నాడు.

*

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి గొట్టం ఎక్కించారు. ఎల్లారావు తీగని ముక్కు దగ్గర విప్పి, కొయ్య వెనక్కి పడిపోకుండా తెరచాప తాడుతో ముందుకి కట్టి, గొట్టం ముక్కల్ని ఒక్కొక్కటే తీగ మీదికి తొడిగి, రివిట్లు కొట్టి, కింద డ్రమ్ము కూర్చోబెట్టాడు. ఎక్కడా తొందరపడలేదు. డ్రమ్ము చేత్తో ముట్టుకుంటే నూనెలో తిరిగినట్టు తిరిగింది. నరసింహమూర్తి చిన్నపిల్లాడిలా నాలుగుసార్లు తిప్పి చూశాడు.

తరవాత తెరచాప గాడిలోకి ఎక్కించారు. ఎక్కింది, ఎక్కింది, పైకి వెళ్ళి గొట్టం అయిపోయింది. తెరచాప తల మూరెడు మేర గాడిలోంచి బయటికొచ్చి, నాలుకలా వేలాడింది.

నరసింహమూర్తి మొహం ఎర్రబడింది. ఫోను తీశాడు.

"ఏవయ్యా తవిటయ్యా, గొట్టం కొలవడం కూడా రాదా నీకు? మూరెడు తక్కువ కోశావు! మిగతా డబ్బు అడిగావంటే చూడు. నీ గొట్టం నువ్వు పట్టుకుపో."

ఎల్లారావు ముక్కు మీద కూర్చుని కాళ్ళ వైపు చూసుకున్నాడు. అతను అనుకున్నదంతా అయింది. రేపు ఆదివారం. గొట్టం విప్పి, కొక్కేలు మళ్ళీ కుట్టుకుంటే సాయంత్రానికి పడవ ఎప్పట్లాగే ఉంటుంది.

అరగంటలో తవిటయ్య మోపెడ్ మీద వచ్చేశాడు. లేతు దగ్గర వేసుకునే నూనె మరకల చొక్కాతోనే. జెట్టీ మీదికి రాగానే చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. క్లబ్బు పిల్లలు కొందరు అతన్ని వింతగా చూశారు. చేతిలో కొత్త స్టీలు టేపు ఉంది.

"ఏదీ, సూణ్ణివ్వండి సార్."

తీగ కొలిచాడు. గొట్టం కొలిచాడు. మళ్ళీ తీగ కొలిచాడు. టేపు చప్పున లోపలికి దూసుకుపోతుంటే ఉలిక్కిపడ్డాడు.

"తప్పు నాదే సార్. ఆయన బారలని సెప్పేడు, నాను నా బారలేసీసేను. ఈ మడిసి సేతులెక్కడ, నా సేతులెక్కడ! బుద్దుండాలి నాకు. కొత్త సెక్షను నా డబ్బుల్తో ఏస్తాను. ఎల్లారావు బావనేటీ అనకండి, ఆడు సరిగ్గానే సెప్పేడు."

ఎల్లారావు తల ఎత్తాడు. తవిటయ్య అతని వైపు చూసి, క్షమించమన్నట్టు చేతులు జోడించబోయి, నూనె చేతులు గుర్తొచ్చి చొక్కాకి తుడుచుకున్నాడు.

"బావా, కాస్త ఎనక్కెల్లి ఆ తాడు పట్టుకో. తెరసాప ఎత్తి ఉంటే కొలత సరిగ్గా తెలుస్తాది" అన్నాడు.

ఎల్లారావు వెనక్కి వెళ్ళాడు. నరసింహమూర్తి లేచి జెట్టీ మీదికి దిగి చోటిచ్చాడు. చుక్కాని పక్కన చెక్క బల్ల. ఎల్లారావు ఆ బల్లని వందలసార్లు కడిగాడు, వార్నీషు వేశాడు. తెరచాప ఎత్తి ఉండగా దానిమీద ఎప్పుడూ కూర్చోలేదు. తాడు పట్టుకుని కూర్చున్నాడు.

ఎదర ఏమీ కనబడలేదు.

తెరచాప అడుగు అంచు పడవ మీదికంటా దిగి, ముక్కుని, దాని అవతల నీళ్ళని, బ్రేక్‌వాటర్ రాళ్ళని మొత్తం మూసేసింది. ఎడం పక్కన యారాడ కొండ, కుడి పక్కన హార్బర్ జెట్టీ. మధ్యలో అంతా తెల్లగుడ్డ. ఆ గుడ్డ వెనకనుంచి ఇంజను చప్పుడు వచ్చింది. చప్పుడు దగ్గరికొచ్చి, గుడ్డ అంచు దాటాక గానీ అది మరబోటని తెలియలేదు.

పద్నాలుగేళ్ళు ఈయన ఇక్కణ్ణుంచి ఏం చూశాడు? ఏమీ చూడలేదు. ముక్కు మీద కూర్చున్న మనిషి చెప్పింది వింటూ వచ్చాడు. ఆ మనిషిని తీసేస్తున్నాడు గానీ, ఆ మనిషి కళ్ళ సంగతి మర్చిపోయాడు.

"బాబూ" అన్నాడు ఎల్లారావు. "ఓపాలి ఇక్కడ కూకుని సూడండి. ముక్కు మీద ఎవులూ నేరనుకుని సూడండి."

నరసింహమూర్తి వచ్చి కూర్చున్నాడు. చూశాడు. వంగి చూశాడు, పక్కకి జరిగి చూశాడు.

"సరిగ్గా కోసుంటే ఇలగే ఉండును. రేపో ఎల్లుండో ఏ బోటో గుద్దీసును" అన్నాడు ఎల్లారావు. "ఈ పొట్టి గొట్టమే ఉంచండి. కింద రెండు స్టీలు పట్టీలేసి డ్రమ్ముని మూరెడు పైకెత్తుదాం. గొట్టం తల పైన దాని చోటికి సరిపోద్ది. తెరసాప అడుగు మూరెడు కోసి నాను కుడతాను. అప్పుడు దాని కిందనుంచి ఎదరంతా కనబడతాది."

తవిటయ్య కళ్ళు మెరిశాయి. "పట్టీలు గంటలో తెస్తాను!"

"చూశావా, నీ పొరపాటు కలిసొచ్చింది" అని నరసింహమూర్తి తవిటయ్యతో అన్నాడు. గొంతులో కోపం పోయింది. ఎల్లారావు అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

"పొరపాటు ఆడిది కాదు" అన్నాడు ఎల్లారావు.

ఇద్దరూ అతని వైపు చూశారు.

"ఆడు సేతులు సాపినప్పుడే నాకు తెలిసింది తక్కువొస్తాదని. సెప్పనేదు."

టేపు తవిటయ్య చేతిలోంచి కొంచెం బయటికి వచ్చి ఊగుతోంది.

"తెలిసే ఊరుకున్నావా?" అన్నాడు నరసింహమూర్తి.

"తెలిసే."

"ఎందుకు?"

ఎల్లారావు తాడు ముడి విప్పి మళ్ళీ వేశాడు. "ఆదోరం ఉంటాదని."

తవిటయ్య ముందుగా కదిలాడు. "పట్టీలట్టుకొస్తాను" అని, చెప్పులు కాళ్ళకి తగిలించుకోకుండా చేత్తో పట్టుకుని, ఎల్లారావు వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. మోపెడ్ చప్పుడు గేటు దాటింది.

నరసింహమూర్తి బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. ఫోను మోగింది. చూసి, కట్ చేశాడు.

"నిన్ను వద్దనుకుని కాదు ఎల్లారావూ." ఆయన తెరచాపతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. "మా ఆవిడ పోయి ఏడు నెలలైంది. అప్పట్నుంచి ఇంట్లో నన్ను ఒక్కణ్ణి వదలట్లేదు. అమ్మాయి, అల్లుడు, వంటామె. గది తలుపు గడియ కూడా పీకించేశారు, నాకేమైనా అవుతుందని. నలభై ఏళ్ళలో ఆవిణ్ణి నేను పేరు పెట్టి పిలవలేదు. ఇదిగో, ఏమోయ్, అంతే. ఒక్కసారి గట్టిగా పిలవాలనుంది. నువ్వు ఎదర కూర్చుని ఉంటే ఎలా పిలుస్తాను?"

ఎల్లారావు విన్నాడు. జాలి కలగాలి. కొంచెం కలిగింది కూడా. కానీ దానికన్నా ముందు తన గది గుర్తొచ్చింది. ఎవరి పేరైనా ఎంత గట్టిగా పిలిచినా అడిగేవాడు లేని గది. తనకి ఊరికే పడి ఉన్నదాన్ని ఈయన డ్రమ్ములు, గొట్టాలు పెట్టి కొనుక్కుంటున్నాడు.

"తెరసాప దించుతాను బాబూ. కుట్టడానికి పొద్దు పడతాది" అన్నాడు.

*

తెరచాపని షెడ్డు నేల మీద పరిచి, అడుగున మూరెడు మేర కోశాడు. ఈసారి టేపుతో కొలిచి కోశాడు. అరచేతికి తోలు పట్టీ కట్టుకుని, లావు సూదితో కొత్త అంచు కుట్టాడు. తవిటయ్య మధ్యాహ్నానికి పట్టీలు తెచ్చి, చిల్లులు వేసి, బోల్టులు బిగించాడు. స్పానరు కావలసినప్పుడు చెయ్యి చాపేవాడు గానీ మాట్లాడలేదు. సాయంత్రం వెళ్ళేముందు షెడ్డు గుమ్మంలో ఆగాడు.

"అడిగేను గదా బావా, సరేనా అని. అప్పుడు సెప్తే ఏటయ్యేది?"

ఎల్లారావు సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. బెజ్జం దొరకలేదు.

"సారు నా మీద అరిస్తే అరిసేడు. అది కాదు. నా సెయ్యి పోయిందేమో, నా పని పోయిందేమోనని బయపడి వచ్చేనురా నాను." తవిటయ్య దగ్గరికొచ్చి, సూది లాక్కుని, ఒక్కసారికే దారం ఎక్కించి ఇచ్చాడు. "రేపు వస్తాను. నా డ్రమ్ము ఎలా తిరుగుతాదో సూడాల."

ఆదివారం ఆరింటికి ఈశాన్యం నుంచి సమంగా గాలి వీస్తోంది. నరసింహమూర్తి టోపీ, లైఫ్ జాకెట్ వేసుకుని పడవలో కూర్చున్నాడు. ఫోను తీసి ఎల్లారావు చేతిలో పెట్టాడు.

"మోగితే ఎత్తకు."

ఎల్లారావు కట్టు విప్పి, ముక్కు మీద చెయ్యి వేసి నీళ్ళ వైపు తోశాడు. తోసేటప్పుడు అలవాటు కొద్దీ కుడికాలు ఎక్కడానికి లేచింది. మళ్ళీ కింద పెట్టాడు. పడవ చేతి కిందనుంచి జారిపోయింది.

జెట్టీ నీళ్ళు దాటాక తాడు లాగినట్టున్నాడు, తెరచాప గొట్టం చుట్టూనుంచి విచ్చుకుంది. ఎక్కడా ఆగలేదు. పక్కన నిలబడ్డ తవిటయ్య పళ్ళన్నీ బయటపెట్టాడు.

"సూడు సూడు! నూనె రాసినట్టు తిరిగీసింది!"

ఎల్లారావు చూస్తున్నాడు. పద్నాలుగేళ్ళు దాని ముక్కు మీదే కూర్చున్నవాడికి ఆ పడవ గాలిపోసుకుని నడవడం బయటనుంచి కనబడటం ఇదే మొదలు. ఇంత చిన్నదని తెలియదు. పక్కకి ఇంత అందంగా ఒరుగుతుందని తెలియదు. తను కుట్టిన అంచు కిందనుంచి అవతలి వెలుగు సన్నగా కనబడుతోంది. ముక్కు మీద ఎవరూ లేరు. ఉన్నట్టయితే ఆ మనిషి పడవకి ఎక్కువ బరువని అనిపించేలా, అది తేలిగ్గా లేచి కెరటం ఎక్కి దిగింది.

బ్రేక్‌వాటర్ చివర దాటేసరికి గాలి మారింది. తెరచాప మరీ బిగిసి ఉంది. మధ్యలో పొట్ట లోపలికి పోయింది. పడవ నడక మందగించింది. ఎల్లారావు జెట్టీ అంచుకి వచ్చాడు.

"తాడొదులు!" అని అరిచాడు. "బాబూ! కొంచెం తాడొదులూ!"

పక్కనుంచి రెండు మరబోట్లు డబడబలాడుతూ వెళ్తున్నాయి. అతని మాట అతనికే సగం వినబడింది. నోటి చుట్టూ చేతులు పెట్టుకుని ఇంకోసారి అరిచాడు. గొంతు బొంగురుపోయింది.

కాసేపటికి, అంత దూరాన, తెరచాప మెల్లగా వదులైంది. పొట్ట నిండింది. పడవ ఒరిగి, సముద్రం లోపలికి సాగింది.

"ఇనబడ్డాదా ఆయనకి?" ఆశ్చర్యంగా అన్నాడు తవిటయ్య.

ఎల్లారావు చేతులు దించాడు.

"నేదు" అన్నాడు. "ఆయనకే తెలిసింది."